సున్నం బొట్టు సలహా

పెదలంకపాలెం అరటి మార్కెట్లో ముప్పై ఏళ్ళుగా మండీ నడుపుతున్న అడబాల గణపతిరావు, ఆ ఊరి డిగ్రీ కళాశాల పాలకమండలిలో ఆరేళ్ళుగా సభ్యుడు. మండీలో ఆయన మాట్లాడతాడు. పాలకమండలిలో బిస్కెట్లు తింటాడు. ఈ రెంటినీ కలపకూడదని ఆయనకు బాగా తెలుసు. డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి గెలల బేరంలోకి దిగిన మనిషి, డాక్టరేట్లున్నవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు నోరు నిండుగా ఉండటమే క్షేమం. ప్లేటులో ఉప్పువి నాలుగు, తీపివి నాలుగు ఉంటాయి. సమావేశం గంటన్నర. పదకొండు నిమిషాలకొకటి చొప్పున తింటే సరిగ్గా వందన సమర్పణ దాకా వస్తాయి.

ఆ జూన్ నెల సమావేశంలో ప్లేటు ఆయన దాకా రావడం ఆలస్యమైంది. జరిగిందంతా దానివల్లే.

ఆ రోజు చర్చ కోర్సుల నమోదు మీద. కొత్త పద్ధతిలో ప్రతి విద్యార్థీ తన ప్రధాన సబ్జెక్టు పక్కన ఇంకో కోర్సు తానే ఎంచుకుని కంప్యూటర్లో నమోదు చేసుకోవాలి. నిరుడు పదకొండు వందల నలభై మంది పిల్లల్లో నాలుగు వందల పన్నెండు మంది ‘అలంకరణ పూల సాగు’ ఎంచుకున్నారు. పూల మీద ప్రేమతో కాదు, అక్షరక్రమంలో అది జాబితాలో మొదట ఉంది. ఆ కోర్సు చెప్పడానికి ఒక లెక్చరరు, చూపించడానికి ఆరు గులాబీ కుండీలు. అంటే కుండీకి అరవై ఎనిమిది మంది, పైన నలుగురు. ఏడాది చివరికి పిల్లలంతా పాసయ్యారు, కుండీలు మాత్రం పోయాయి.

ప్రిన్సిపాలు డాక్టర్ ఓరుగంటి శేషఫణి కళ్ళజోడు సర్దుకున్నారు. “విద్యార్థి సముదాయంలో ఎంపిక సంబంధిత సందిగ్ధత నెలకొని ఉంది. దీనిని బహుముఖ కోణాల నుంచి సమీక్షించి, ఒక సమగ్ర చేరువ దృక్పథాన్ని రూపొందించుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.”

పిల్లలకి ఏం తీసుకోవాలో తెలీటం లేదు, మనం ముందుగా మాట్లాడాలి అని ఆయన భావం. అది గణపతిరావుకు అర్థమైంది. చేతిలో బిస్కెట్టు లేదు. నోరు ఖాళీగా ఉంది.

“మా మార్కెట్లో ఈ ఇబ్బంది లేదండి,” అన్నాడు.

ఆరేళ్ళలో ఆ కుర్చీలోంచి మాట రావడం అదే మొదలు. అందరూ తిరిగి చూశారు. చూశారు కదా అని ఆయన ఇంకా చెప్పాడు.

“రైతు గెల తెచ్చి దింపేదాకా మేం కూచోమండి. ముందే లంకల్లోకెళ్ళి పలకరిత్తాం. ఏ గెల ఎప్పుడు కొయ్యాలి, ఏ ఊరెళ్తే బాగుంటది, అన్నీ మాటాడేసుకుంటాం. మాటైపోయాక గెల కాడ మీద సున్నం బొట్టెడతాం. బొట్టు పడ్డ గెలని ఇంకో మండీ వోడు ముట్టడండి. ఆ సరుకు గురించి ఆ రైతుతో మాట కూడా కలపడు. గొడవే లేదు.”

ఆ పద్ధతిలో రెండో సగం కూడా ఉంది. అది చెప్పబోతుండగా ప్లేటు వచ్చింది. ఆలస్యమైనందుకు ఆయన రెండు ఒకేసారి తీసుకున్నాడు.

వారం తిరక్కుండా ముప్పై రెండు పేజీల నిబంధనావళి అచ్చయింది. దాని పేరు ‘నమోదు పూర్వ సలహా చేరువ కార్యక్రమం’. లెక్చరర్లు ముప్పై ఎనిమిది మందీ, వాళ్ళతోపాటు పాలకమండలి సభ్యులూ ఇక మీదట విద్యా సలహాదారులు. నమోదుకు ముందే సలహాదారు తానే వెళ్ళి విద్యార్థిని పలకరించాలి. పలకరించాక విద్యార్థి గుర్తింపు కార్డు మీద బొట్టు పెట్టాలి. సున్నం రాలిపోతుంది కనక వైట్‌నర్‌తో పెట్టాలి. బొట్టు పెట్టిన సలహాదారు ఫోనులో సలహా ఫారం నింపనిదే ఆ విద్యార్థికి కంప్యూటరు తెరుచుకోదు. ఒకరు బొట్టు పెట్టిన విద్యార్థితో కోర్సుల గురించి ఇంకొకరు మాట్లాడటం క్రమశిక్షణారాహిత్యం, దానికి మెమో.

పుస్తకం మొదటి పేజీలో ‘ఈ ఆలోచనకు మూలం మన పాలకమండలి సభ్యులు శ్రీ అడబాల గణపతిరావుగారు’ అని ఉంది. ఆయన ఆ పేజీని మండీలో తన కుర్చీ వెనక గోడకు అతికించాడు. మిగతా ముప్పై ఒక్క పేజీలూ చదవలేదు.

ఆఫీసు ముందు ఒక బోర్డు పెట్టారు. ఏ సలహాదారు ఎంతమందిని చేరుకున్నదీ రోజూ సాయంత్రం అందులో రాస్తారు. సలహా తూకం వేసే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు గనక తలలు లెక్కపెడతారు. బోర్డు పెట్టిన మర్నాటి నుంచి కళాశాలలో పాఠాలు ఆగిపోయాయి. లెక్చరర్లందరూ చేరువలో ఉన్నారు.

కామర్సు లెక్చరరు బస్టాండులో కాపు కాసి, కదులుతున్న బస్సు కిటికీలోంచి పదహారు బొట్లు పెట్టాడు. హిస్టరీ మాస్టారు సెలూన్లో సగం గడ్డం గీయించుకున్న కుర్రాడిని పట్టుకున్నాడు. వాడు కుర్చీలోంచి లేవలేడు. ఫిజిక్సు మాస్టారు ఒక పెళ్ళికి వెళ్ళి, సరిగ్గా తలంబ్రాలప్పుడు పెళ్ళికొడుకు తమ్ముడిని పక్కకి పిలిచాడు. పిల్లలు కార్డులు మేజోళ్ళలో దాచుకుని తిరిగారు. అందరూ ఇచ్చిన సలహా దాదాపు ఒకటే: “బాగా ఆలోచించుకో.” అప్పటికే బొట్టు పడిపోయేది.

గణపతిరావు ఇదంతా చూసి నవ్వుకున్నాడు. సరుకు వెంట పరిగెత్తేవాడు వ్యాపారి కాడు. సరుకు వచ్చే దారిలో నిలబడాలి. ఉదయం ఏడున్నరకల్లా రెండు కర్పూరం రకం అరటి గెలలు తెప్పించి కళాశాల గేటు దగ్గర వేలాడదీశాడు. ఎడమ చేత్తో పండు, కుడి చేత్తో వైట్‌నరు. పండు అందుకోవడానికి చెయ్యి చాచినవాళ్ళ మెళ్ళో కార్డు దానంతటదే ముందుకొస్తుంది. మొదటి రోజు తొంభై నాలుగు, రెండో రోజు నూట పద్దెనిమిది. మొత్తం రెండు వందల పన్నెండు.

ఆ రెండో రోజు ఒక అమ్మాయి పండు తీసుకోకుండా, “బాబుగారూ, నేను విజయకుమారి మేడంగారి దగ్గరకి...” అని ఏదో చెప్పబోయింది. ఆ మాట ముగిసేలోపు బొట్టు పడింది. “బాగా చదువుకో తల్లీ,” అని గణపతిరావు తర్వాతి చెయ్యి వైపు తిరిగాడు.

శేషఫణిగారు స్వయంగా శాలువా కప్పారు. ‘ఉత్తమ చేరువ సలహాదారు’ అని ఫోటో తీశారు. అదే సభలో బోటనీ లెక్చరరు విజయకుమారికి మెమో ఇచ్చారు. బోర్డులో ఆవిడ పేరుకెదురుగా తొమ్మిది ఉంది. ఒక్కో విద్యార్థితో గంటసేపు కూర్చుని మాట్లాడటం వల్ల చేరువ వేగానికి భంగం వాటిల్లిందని అందులో రాశారు.

గణపతిరావు ఇంటికొచ్చి శాలువా విప్పకుండానే అన్నం తిన్నాడు. పాత విజిటింగు కార్డు మీద ‘విద్యాపోషకులు’ అని ఉండేది. ‘విద్యా సలహాదారు’ అని కొత్తవి వేయించాలనుకున్నాడు. భార్య వీరవేణి పులుసు వడ్డిస్తూ, “ఇంతకీ వాళ్ళకేం సలహా చెప్పారేంటి?” అంది.

“పండిచ్చాను.”

“పండు తినమని సలహానా?”

ఆయన కంచం మీదకి వంగాడు. శాలువా అంచు పులుసులో పడింది.

గురువారం మధ్యాహ్నం, గేటు దగ్గర పండు తీసుకోని ఆ అమ్మాయి మండీకి వచ్చింది. గెలల మధ్య దారి చేసుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడింది. పేరు గుత్తుల లోవలక్ష్మి. బియ్యస్సీ రెండో ఏడు. వాళ్ళ నాన్న లంకలో ఎకరన్నర చక్కెరకేళి వేస్తాడు, గెలలు ఈ మండీకే తెస్తాడు. ఇలా దగ్గరగా చూశాక గణపతిరావుకు ముఖం పోలిక తెలిసింది.

“కూచో అమ్మా. పండు తింటావా?”

“వద్దండి. నాకు టిష్యూ కల్చర్ కోర్సు కావాలండి. శనివారం అయిదింటితో నమోదు అయిపోద్ది. తవరు సలహా రాస్తేగాని కంప్యూటరు తియ్యట్లేదండి.”

“దానికేం, రాసేద్దాం. ఏంటి ఆ కోర్సు?”

“సీసాల్లో మొక్కలు పెంచడం అండి. ఒక్క అరటి పిలక మొవ్వు ముక్కతో వందల మొక్కలు చేస్తారు. రోగం లేని మొక్కలండి. మా తోటలో ఎండు తెగులొచ్చిందండి. నిరుడు నలభై చెట్లు పోయాయి, ఈ ఏడు నూట పది. మందు లేదంట. వేరే మడి చూసుకుని, రోగం లేని మొక్క నాటుకోవడమేనంట. అది నేర్చుకుందామనండి. మూడో ఏడు పిల్లలకి ఈ కోర్సు ఇవ్వరు. ఇప్పుడు పోతే పోయినట్టేనండి.”

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళలో తన ముందు ఇంత తేలిగ్గా తెగిన బేరం లేదు. ఫోను తీసి సలహా ఫారం తెరిచాడు. పేరు రాశాడు. రెండో గడిలో ‘విద్యార్థి మానసిక స్థితి’ అని ఉంది. కింద మూడు వరసలు: అయోమయం. తీవ్ర అయోమయం. అయోమయం లేదనే భ్రమ.

“నీకు అయోమయం ఏవన్నా ఉందా తల్లీ?”

“లేదండి.”

“కొంచెం కూడా?”

“లేదండి బాబూ.”

ఇంక మిగిలింది మూడోది. ఆయన దానిమీద వేలు పెట్టాడు. తర్వాతి గడిలో, సిఫారసు చేసిన కోర్సు మొదట ఎవరి నోట వచ్చింది అని అడిగింది. ఆయన నిజాయితీగా ‘విద్యార్థి’ అని నొక్కాడు. తెర ఎర్రగా మారింది.

‘విద్యార్థి స్వయంగా కోరిన కోర్సు సలహాగా పరిగణింపబడదు. ఈ విద్యార్థి ముందస్తు అభిప్రాయంతో ఉన్నట్లు గుర్తించి, అభిప్రాయ విముక్తి సదస్సుకు పంపడమైనది. సదస్సు తేదీ: వచ్చే నెల పంతొమ్మిది. అంతవరకు నమోదు నిలుపుదల.’

ఇద్దరూ ఆ తెరను రెండుసార్లు చదివారు.

“నాకేం కావాలో నాకు తెలియడమేనాండి తప్పు?” అంది లోవలక్ష్మి.

“నీ తప్పేం లేదమ్మా.” తప్పు ఎవరిదో గోడ మీద అతికించి ఉంది. ఆయన దానికి వీపు పెట్టి కూర్చున్నాడు గనక కనబడదు. ఆ పిల్లకు ఎదురుగానే ఉంది. ఆ పిల్ల చదువుకున్న పిల్ల.

శుక్రవారం ఉదయం ఆయన లోవలక్ష్మిని వెంటబెట్టుకుని బోటనీ ల్యాబుకు వెళ్ళాడు. కోర్సు గురించి తెలిసిన మనిషి చెబితే దారి దొరుకుతుందని ఆయన ఆశ. గదిలో అరల నిండా గాజుసీసాలు, ఒక్కో సీసాలో వేలెడంత అరటి మొక్క. విజయకుమారి వాళ్ళను చూసి ముందు తలుపు దగ్గరికెళ్ళి నడవాలో ఎవరూ లేరని చూసుకుంది. తిరిగొచ్చి ఒక సీసా చేతిలోకి తీసుకుని, దానితో మాట్లాడటం మొదలుపెట్టింది.

“ఏం చెయ్యనమ్మా? నీకు గణపతిరావుగారి బొట్టు పడిపోయింది. నీతో మాట్లాడితే నాకు రెండో మెమో. మూడోది వస్తే ఇంటికే.”

లోవలక్ష్మి కూడా అదే సీసా వైపు చూసి అంది. “కోర్సు ఉంటదాండి అసలు?”

“పదిహేనుమంది ఉంటేనే నడుపుతారు,” అంది విజయకుమారి మొక్కతో. “పదమూడు మంది చేరారు. ఇంకా ఇద్దరు కావాలి. శనివారం అయిదింటికి పదిహేను లేకపోతే ఈ గది ‘అలంకరణ పూల సాగు’ వాళ్ళకిచ్చేస్తారట. సీసాలు ఖాళీ చెయ్యమని ముందే నోటు వచ్చింది.”

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. “నాతో మాటాడొచ్చు కదండీ మేడంగారూ. నాకు బొట్టు లేదు.”

“మీరు సలహాదారులండి. సలహాదారు సలహా అడగాలంటే సలహాదారుల సలహా విభాగానికి రాయాలి. పంతొమ్మిదో పేజీ. మీ ఆలోచనే కదండీ ఇదంతా.”

ఆవిడ వెటకారంగా అనలేదు. అంటే బాగుండేది. ముప్పై ఏళ్ళలో ఆయన చాలా గెలలు కుళ్ళబెట్టాడు, మంచి ధర వస్తుందని ఆగి కొన్ని, లారీ రాక కొన్ని. ఎదిగే గెలను చెట్టు మీదుండగానే కుళ్ళబెట్టడం మాత్రం ఇదే మొదటిసారి.

శనివారం పదకొండింటికి ప్రిన్సిపాలు గదిలో ఉన్నాడు.

“ఆ అమ్మాయి బొట్టు తుడిచేస్తానండి,” అన్నాడు.

శేషఫణిగారు నిబంధనావళి తిరగేశారు. “బొట్టు తుడవడమనే ప్రక్రియకు ఇందులో ప్రస్తావన లేదండి. బొట్టు అనేది సంస్థాగత నిబద్ధతకు సంకేతం.”

“మా మార్కెట్లో ఉందండి. బొట్టెట్టినోడు మధ్యాన్నం పన్నెండులోపు గెల ఎత్తాలి. ఎత్తలేకపోతే ఆడే వచ్చి, అందరి ముందూ తడిగుడ్డతో బొట్టు తుడిచి, రైతుకి దణ్ణం పెట్టి పోవాలండి. ఆ పూట ఇంక ఆడు బేరానికి రాకూడదు. అది రెండో సగం.”

శేషఫణిగారు బీరువాలోంచి మినిట్స్ పుస్తకం తీసి చదివారు. “ఆ రెండో సగం ఇందులో లేదు.”

“అప్పుడు ప్లేటొచ్చిందండి.”

“ప్లేటు కూడా లేదు.”

గణపతిరావు ఇంకో దారి పట్టాడు. ఇది చెప్పడానికి ఆయనకు కొంచెం కష్టమైంది. “నాకు ఈ కోర్సులేవీ తెలవ్వండి. నా డిగ్రీయే సగంలో ఉంది. నేను సలహాదారుగా పనికిరానని రాసుకోండి.”

“గణపతిరావుగారూ.” శేషఫణిగారి గొంతులో ఆప్యాయత నిండింది. “సలహాదారుకు విషయ పరిజ్ఞానం వాంఛనీయమే గాని ఆవశ్యకం కాదు. పద్నాలుగో పేజీ. పైగా మన లక్ష్య సాధనలో మీ వాటా రెండు వందల పన్నెండు. మిమ్మల్ని తీసేస్తే పదకొండు వందల నలభై కాస్తా తొమ్మిది వందల ఇరవై ఎనిమిది అవుతుంది. తనిఖీ బృందానికి నూటికి నూరు శాతం చేరువ అని నిన్ననే నివేదిక పంపించాం. చేరువ పూర్తయింది. ఇంక నమోదు అనేది సాంకేతిక విషయం.”

“మరి నమోదు కానోళ్ళండి?”

“వాళ్ళను కూడా చేరుకున్నాం కదండీ.”

గణపతిరావు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గాని అన్నం కలపలేదు. వీరవేణి సంగతంతా విని, ఆయన సంచీలోంచి మొదటి పేజీ లేని ఆ నిబంధనావళి పుస్తకం తీసింది. ఆవిడ పదో తరగతి పాసైంది. ఇంట్లో మందు సీసా మీద చీటీ నుంచి కరెంటు బిల్లు వెనక వైపు దాకా ఏదీ వదలకుండా చదివే అలవాటు ఆవిడది. ఆయన బేరాలు చేస్తాడు, ఆవిడ షరతులు చదువుతుంది. ఇరవై తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది.

“ఇదిగో. సలహాదారు పదవి రద్దయితే ఆయన బొట్లన్నీ చెల్లవంట. ఆ పిల్లలు గడువులోగా సొంత పూచీ మీద నమోదు చేసుకోవచ్చంట.”

“ఎలా రద్దవుద్ది?”

“మూడు రకాలుగా. బదిలీ, మరణం, అదే కాలేజీలో విద్యార్థిగా చేరడం.” ఆవిడ పుస్తకం మూసింది. “బదిలీకి మీరు ఉద్యోగి కాదు. రెండోది నాకిష్టం లేదు.”

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. రెండూ పది. యాభై నాలుగేళ్ళ వయసులో మెళ్ళో కార్డు వేసుకుని తిరిగే సంగతి ఒకటి. దానివెనకే ఇంకోటి గుర్తొచ్చింది.

“విద్యార్థిగా చేరితే పాలకమండలిలో ఉండనివ్వరే. కుర్చీ పోద్ది.”

“ఆ కుర్చీలో ఆరేళ్ళు కూచుని ఏం చేశారు?”

“బిస్కెట్లు...”

“ఇంట్లో ఉన్నాయి. డబ్బాలో.” వీరవేణి కంచం ఆయన ముందుకి జరిపింది. “మార్కెట్లో గెల ఎత్తలేకపోతే ఏం చేస్తారు మీరు?”

“తుడుస్తాను.”

“మరి తుడవండి. ముందు నాలుగు ముద్దలు తినండి, పెరుగు వేస్తాను.”

చదువు మధ్యలో ఆపినవాళ్ళు ఎప్పుడైనా వచ్చి ఒక్క కోర్సులో చేరే వెసులుబాటు కళాశాలలో ఎప్పటినుంచో ఉంది. ఎవరూ రాలేదు గనక ఆ ఫారాలు కొత్తగా, కరకరలాడుతూ ఉన్నాయి. ఆఫీసులో ప్రవేశాల గుమాస్తా ఫారం తీసి, పైకి చూసి, మళ్ళీ ఫారం చూశాడు.

“మీ అబ్బాయికాండి?”

“నాకే.”

“తమాషా చేస్తన్నారేంటండీ? పాలకమండలి వారు.”

“ఇందాకటిదాకా. రాజీనామా కూడా ఇదిగో. మూడున్నరవుతోంది నాయనా, తొందరగా కొట్టు.”

గుమాస్తా పేరు కొట్టాడు, పుట్టినరోజు కొట్టాడు, ఆపిన సంవత్సరం కొట్టాడు. మీట నొక్కాడు. కంప్యూటరు కాసేపు ఆలోచించింది. తర్వాత తెర మీద ఒక వరస వచ్చింది: ‘సలహాదారు అడబాల గణపతిరావు పదవి రద్దు. 212 మంది విద్యార్థులు సొంత పూచీకి విడుదల.’

ముందు నడవాలో ఒక ఫోను టింగుమంది. తర్వాత మెట్ల మీద నాలుగు. ఆ తర్వాత క్యాంటీను వైపు నుంచి, గ్రౌండు వైపు నుంచి, గేటు అవతల టీకొట్టు నుంచి. గణపతిరావు జేబురుమాలు గ్లాసులో నీళ్ళతో తడుపుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. అటుగా పరిగెత్తుకొచ్చిన ప్రతి పిల్లాడి కార్డూ పట్టుకుని బొట్టు తుడిచి, “తప్పైపోయింది నాయనా,” అని దణ్ణం పెట్టాడు. వైట్‌నరు తడిగుడ్డకు పోదు. గోటితో గీకాల్సి వచ్చింది. పదిహేడో కార్డు దగ్గర గోరు విరిగింది. అయినా కంప్యూటరు ఎలాగూ తుడిచేసింది గనక మిగతావాళ్ళకి దణ్ణంతో సరిపెట్టాడు.

లోవలక్ష్మి నాలుగూ పదికి నమోదైంది. పరిగెత్తుకొచ్చి ఆ మాట చెప్పింది. ముఖంలో మాత్రం సంతోషం సగమే ఉంది.

“పద్నాలుగండి. ఇంకొకళ్ళు లేరు.”

“నేనెందుకు చేరాననుకున్నావమ్మా?” అని ఆయన ల్యాబు వైపు నడిచాడు. నిజానికి అంతవరకూ ఆయన ఆ సంగతి ఆలోచించలేదు. నడుస్తుండగా లెక్క కుదిరింది.

విజయకుమారి ఆయన మెళ్ళో కొత్త కార్డు చూసి సీసా కింద పెట్టింది. “కూర్చోండి. ఏ కోర్సు కావాలో మాత్రం చెప్పకండి. చెప్పారంటే వచ్చే నెల పంతొమ్మిది.”

“చెప్పనండి.”

“అరటి గురించి మీకేమైనా తెలుసా?”

“ముప్పై ఏళ్ళు అమ్మానండి.”

“అది కాదు. తెలుసా అని.”

గణపతిరావు అరలో సీసాలు చూశాడు. ఆ మొక్కలు ఏం తిని బతుకుతున్నాయో తెలీదు. మట్టి లేకుండా ఎలా నిలబడ్డాయో తెలీదు. “తెలీదండి,” అన్నాడు.

ఆవిడ ఫారం తెరిచింది. “మానసిక స్థితి?”

“మొన్నటిదాకా మూడోదండి. అయోమయం లేదనే భ్రమ. ఇప్పుడు రెండోది రాసుకోండి.”

“తీవ్ర అయోమయం,” అని నొక్కింది. “అయితే నా సలహా టిష్యూ కల్చర్. కోర్సు మొదట ఎవరి నోట వచ్చింది? సలహాదారు.” తెర పచ్చగా మారింది. ఆవిడ వైట్‌నరు మూత తీసి ఆయన కార్డు మీద చిన్న బొట్టు పెట్టింది. ఆవిడ లెక్కలో అది పదోది. అప్పుడు టైము నాలుగూ యాభై రెండు.

సోమవారం ఆఫీసు ముందు నోటీసు పడింది. విడుదలైన రెండు వందల పన్నెండు మందిలో రెండు వందల ఆరుగురు, ఎవరి సలహా లేకుండా, గంటన్నరలో తమకు కావలసిన కోర్సులు ఎంచుకున్నారు. ‘అలంకరణ పూల సాగు’కు వాళ్ళలో వచ్చినవాళ్ళు పదకొండు మంది, వాళ్ళకి నిజంగానే పూలంటే ఇష్టం. ఇది చేరువ కార్యక్రమం సాధించిన అపూర్వ విజయమనీ, దీన్ని బట్టి వచ్చే ఏడాది నుంచి సలహాదారులందరూ ముందుగా విద్యార్థులుగా చేరి పదవి రద్దు చేయించుకోవలసి ఉంటుందనీ నోటీసు సారాంశం.

గణపతిరావు అది చదవలేదు. ఆయన బోటనీ ల్యాబులో వెనక బల్ల మీద, మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు. ముందు బల్ల మీద లోవలక్ష్మి. ఆయనకు పెన్ను తేవాలని తోచలేదు, ఆ పిల్లే ఒకటి ఇచ్చింది.

“మనం తినే అరటిపండులో గింజ ఎందుకు ఉండదు?” అని అడిగింది విజయకుమారి.

తరగతి మొత్తం మండీ ఆసామి వైపు తిరిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. “లక్షల గెలలు చేతుల మీదుగా పోయాయండి. ఎందుకుండదో ఎప్పుడూ అడగలేదు.”

“కూర్చోండి. ఇప్పుడు అడిగారు కదా, చెబుతాను.”

అంతలో తలుపు తెరుచుకుంది. శేషఫణిగారు, చేతిలో ఫైలు. “క్షమించాలి. గణపతిరావుగారూ, ఒక్క నిమిషం. విద్యార్థుల హాజరు విషయంలో తీవ్ర సందిగ్ధత నెలకొని ఉంది. మీ మార్కెట్లో రైతులు క్రమం తప్పకుండా రావడానికి ఏదైనా విధానం...”

ఉంది. చాలా మంచి విధానం ఉంది. చెప్పడానికి గణపతిరావు నోరు తెరిచాడు. నోట్లో బిస్కెట్టు లేదు, దగ్గర్లో ప్లేటు లేదు. లోవలక్ష్మి వెనక్కి తిరిగి ఆయన వైపు చూసింది.

ఆయన మెళ్ళో కార్డు ఎత్తి చూపించాడు.

“నాకు బొట్టు పడిందండి. మా మేడంగారు తప్ప ఇంకెవరూ నాతో మాటాడకూడదు.”

శేషఫణిగారు బొట్టు వంక చూశారు. నిబంధన తెలిసిన మనిషి. మారు మాట లేకుండా తలుపు నెమ్మదిగా చేరేసి వెళ్ళిపోయారు.

గణపతిరావు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన తేదీ వేశాడు.

“గింజ దగ్గరున్నామండి, మేడంగారూ,” అన్నాడు.